లవంగం గుచ్చిన ఉండ

కాఫీ గుక్క నాలుకకి తగలగానే చురుక్కుమంది. రాత్రి తిన్న పండుమిరప పచ్చడినీ, దాన్ని రెండోసారి వడ్డించుకున్న తన బుద్ధినీ కలిపి తిట్టుకుని, త్రినాధరావు గ్లాసు అరుగు మీద పెట్టేశాడు.

“మీ కాఫీ అయ్యేదాకా చట్టం ఆగదు గురువుగారూ,” అన్నాడు సి.ఐ. గోవింద్, గుమ్మానికి అడ్డంగా నిలబడి. “ఆ అమ్మాయిని బండెక్కించాలి.”

ఆ అమ్మాయి పేరు దివ్య. ఈ ఇంటి కోడలు. వంటింటి గడప మీద కూర్చుని, ఏడవడానికి కూడా తీరిక లేనట్టు చూస్తోంది. ఆమె భర్త నానాజీ ఆసుపత్రిలో తల్లి మంచం పక్కన ఉన్నాడు.

ఆ తల్లే బుల్లమ్మ. అనకాపల్లిలో ఈగ కూడా బెల్లం ధర కనుక్కునే వాలుతుందంటారు గాని, ఆ ఈగలు ముందు బుల్లమ్మ దుకాణానికి వచ్చి అడిగి వెళ్ళేవి. అంత పేరు. మొగుడు పోయాక దుకాణం గద్దె మీద తనే కూర్చుంది. కూర్చున్న కొన్నేళ్ళకి కీళ్ళవాతం ఆవిడ మీద కూర్చుంది. వేళ్ళు అల్లపు కొమ్ముల్లా వంకర్లు పోయినా గద్దె దిగలేదు. పది రోజుల కిందట త్రినాధరావుని పిలిపించి, తలుపు వేయించి చెప్పింది.

“నా నోరంతా పుండైపోతంది బాబూ. నా కంచంలో ఎవులో ఏదో కలుపుతన్నారు. పోలీసోళ్ళకి సెప్పకు. ఇంటి పరువు.”

త్రినాధరావు రిటైరైన పోలీసు ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివు. బుల్లమ్మ అన్నం, కూర, నీళ్ళు, ఆఖరికి ఆవకాయ కూడా పరీక్షకి పంపించాడు. ఏమీ దొరకలేదు. నిన్న సాయంత్రం బుల్లమ్మ జ్వరంతో పడిపోయింది. చిగుళ్ళ నుంచి రక్తం. ఇవాళ తెల్లారగానే ఆసుపత్రి కబురు మీద గోవింద్ దిగి, పెరట్లో బూడిదకుప్ప కింద నుంచి సగం ఖాళీ అయిన కలుపు మందు సీసా ఒకటి లాగాడు. వంటిల్లు ఎవరిది? దివ్యది. కేసు అయిపోయింది. గోవింద్ పద్ధతి అంతే. తాళం పోయిందంటే తాళంచెవి ఉన్నవాణ్ణి పట్టుకుంటాడు.

“కలుపు మందు తాగిన మనిషి పది రోజులు పుండ్లతో తిరుగుతుందా గోవిందూ?”

“కొంచెం కొంచెంగా పోసింది. నోట్లో పుండ్లు దానికి తప్ప దేనికొస్తాయి? పది రోజులు ఈ ఇంటి చుట్టూ తిరిగారు. ఏం పట్టుకున్నారు? ఆవకాయ పట్టుకున్నారు. పెద్దవారైపోయారు గురువుగారూ, ఇంటికెళ్ళి మోకాళ్ళకి కాపడం పెట్టించుకోండి.”

త్రినాధరావు జవాబు చెప్పేలోపు జేబులో ఫోన్ మోగింది. తీయడానికే ఆయనకి కొంత సేపు పట్టింది. పొద్దున్న లేచాక గంట దాకా ఆ వేళ్ళు ఆయన మాట వినవు. బుల్లమ్మకున్న జబ్బే ఆయనకీ ఉంది. సర్వీసులో ఉన్న రోజుల్లో ఇవే వేళ్ళతో బెదిరిన కోడె తోక పట్టుకుని తుమ్మపాల నుంచి మునగపాక దాకా వదల్లేదని చెబుతుంటాడు. కోడె ఈయన్ని ఈడ్చిందా, ఈయన కోడెని ఈడ్చాడా అని అడిగినవాళ్ళకి మాత్రం ఆయన ఇంట్లో రెండో కాఫీ దొరకదు.

ఫోన్‌లో డాక్టర్ గౌతమి. “రక్తకణాలు పడిపోతున్నాయి సార్. పోలీసులు చెబుతున్న కలుపు మందే అయితే నా దగ్గర విరుగుడు లేదు. కళ్ళ ముందు పోతుంటే చూస్తూ కూర్చోవడమే. ఇంకేదైనా అయితే ఇప్పుడే చెప్పాలి. మధ్యాహ్నం దాటాక తెలిసినా లాభం ఉండకపోవచ్చు.”

“ఆవిడ వాడే మందు ఎక్కువైతే?”

“నేనూ అదే అనుకున్నాను. కీళ్ళవాతానికి వారానికి ఒక్కరోజు వేసుకునే బిళ్ళ అది, మెథోట్రెక్సేట్. అది రోజూ పడితే ఇలాగే అవుతుంది. కానీ సి.ఐ. గారు అట్టలు చూశారట. తగ్గాల్సినన్నే తగ్గాయట.”

“అవును,” అన్నాడు గోవింద్, పక్క నుంచి విని. “నేనే చూశాను. ఒక్క బిళ్ళ తేడా లేదు.”

అప్పుడు లోపలి నుంచి గంట మోగింది. పూజ ముగించుకుని అప్పలనరసింహం వచ్చాడు. బుల్లమ్మ మరిది. దుకాణంలో భాగస్తుడు. భుజం మీద జరీ తువ్వాలు, నుదుట ఇంత బొట్టు. చేతులు రెండూ జోడించి దండం పెట్టాడు.

ఆ తువ్వాలుకి ఒక చరిత్ర ఉంది. పశువుల సంతల్లో బేరగాళ్ళు తువ్వాలు కప్పి, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియకూడదని. కుర్రతనంలో అది నేర్చుకున్న అప్పలనరసింహం బెల్లం దుకాణంలోనూ వదల్లేదు. ఆయన పట్టుకి రైతు ప్రాణం ధర చెప్పేసి తువ్వాలులోంచి బయటపడేదని ఊళ్ళో అనుకునేవారు.

“పూజ బాగా ఆలస్యమైంది బావా,” అన్నాడు త్రినాధరావు, ఊరి వరస కలిపి.

“వొదిన కోసం ఇంకో గంట ఎక్కువ కూకున్నాను బావా.” అప్పలనరసింహం అరుగు మీద కూర్చున్నాడు. పనిమనిషి ఇచ్చిన కాఫీ గ్లాసుని తీర్థంలా రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాడు. “తల్లిలాటి మనిషి. ఈ పిల్ల ఇంత పని సేత్తాదనుకోలేదు.”

“దివ్యే చేసిందంటావా?”

“నానేటి అనగలను? వొంటిల్లు ఆ పిల్లది. సీసా ఆ పెరట్లోది. మిగతాది సి.ఐ. బాబే సెప్పేడు.”

“నువ్వు మందులేమైనా వాడతావా?”

“నానా?” నవ్వాడు. “ఇంగ్లీషు బిళ్ళ నా గొంతు దిగిందే లేదు. యాపపుల్ల, రాగంబలి. రాయిలాగున్నాను.”

“దుకాణంలో బేరాలు?”

“గుమస్తా సూత్తన్నాడు. కుర్రోళ్ళకి అప్పజెప్పాల గదా.”

త్రినాధరావు లేచాడు. లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. “ఒక్కసారి బుల్లమ్మ గది చూస్తాను గోవిందూ. ఆ తర్వాత నీ బండి, నీ ఇష్టం.”

“పది రోజులుగా చూస్తూనే ఉన్నారుగా!”

“పది రోజులూ కంచం చూశాను. మంచం చూళ్ళేదు.”

గది చిన్నది. మంచం పక్కన స్టూలు. దాని మీద నీళ్ళ చెంబు, నొప్పికి రాసుకునే తైలం, వెడల్పు మూతి గాజు సీసా. సీసాలో ముదురు రంగు బెల్లం ఉండలు, ఒక్కొక్కటి రేగుపండంత. ఒకదాని నెత్తిన లవంగం గుచ్చి ఉంది.

త్రినాధరావు దివ్యని పిలిచాడు. గోవింద్ కూడా వెంట వచ్చి తలుపుకి ఆనుకున్నాడు.

“ఇవేమిటమ్మా?”

“అత్తమ్మ మందులు సార్. ఆవిడ వేళ్ళు బిళ్ళని అట్టలోంచి నొక్కలేవు. ఆదివారం ఆదివారం నేనే నొక్కి తీసి బెల్లంలో పెడతాను. బెల్లం లేందే బిళ్ళ మింగరు. వేరే బెల్లం తన పుట్టింటోళ్ళు ఇచ్చినా మింగరు, మా దుకాణం బెల్లమే కావాలంటారు.”

“లవంగం దేనికి?”

“అది మంగళవారం ఉండ. వారం బిళ్ళ. మిగతావాటిలో రోజు బిళ్ళ, ఫోలిక్ యాసిడ్. వారం బిళ్ళ చేసే చెడుపుని అది సర్దుతుందని డాక్టరమ్మ చెప్పేరు. రెండూ పసుపు రంగే, తేడా తెలీదని లవంగం గుచ్చుతాను. అత్తమ్మకి చదువు రాదు గాని లవంగం తెలుస్తాది కదా.”

ఇవాళ మంగళవారం. లవంగం ఉండ సీసాలోనే ఉంది. దాని చుట్టూ మిగిలిన వారం ఉండలు. త్రినాధరావు ఆ విషయం గుర్తుపెట్టుకున్నాడు.

“అత్తగారికీ నీకూ గొడవలేమైనా?”

“రోజూ!” దివ్య మొదటిసారి కొంచెం నవ్వబోయి ఆగింది. “నేను చుట్టిన ఉండలు చిక్కుడు గింజల్లా ఉన్నాయని తిడతారు. ఉగాది నుంచి దుకాణం గద్దె మీద నువ్వే కూకోవాలని కూడా తిట్టే చెప్పేరు.”

“గద్దె నీకా? మరి మీ చినమావయ్యకి?”

“ఆయన్ని ఇంటిపట్టున ఉండమన్నారు. ఎందుకో నాకు చెప్పలేదు. ఆ రోజు ఇద్దరూ తలుపేసుకుని చాలా సేపు మాట్లాడుకున్నారు.”

“గద్దె కోసం అత్తని చంపిన కోడలు,” అన్నాడు గోవింద్. “గురువుగారూ, మీరు నా కేసుకే ఇటుకలు మోస్తున్నారు.”

త్రినాధరావు ఆ మాట వినలేదు. ఆయన చూపు సీసా మీదే ఉంది. చిక్కుడు గింజల్లా... లవంగం ఉండ అలాగే ఉంది. కోలగా, మూడు వేళ్ళ నొక్కులు స్పష్టంగా. మిగతావి మాత్రం గోళీల్లా గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. ఒక్క నొక్కు లేదు.

“దివ్యా, ఇవన్నీ నువ్వే చుట్టావా? బాగా చూసి చెప్పు.”

దివ్య వంగి చూసింది. “లవంగంది నాదే. ఇవి... నాకు ఇంత గుండ్రంగా ఎప్పుడూ రాలేదు సార్. సీసా నింపేసి అత్తమ్మ పక్కన పెట్టేస్తాను. మళ్ళీ ఆదివారం దాకా చూడను.”

“చాకు తీసుకురామ్మా.”

ముందు లవంగం ఉండ కోయించాడు. లోపల చిన్న పసుపు బిళ్ళ. మధ్యలో అడ్డంగా గీత. తర్వాత గుండ్రటి ఉండ కోయించాడు. అదే బిళ్ళ. అదే గీత. ఇంకొకటి. మళ్ళీ అదే. దివ్య పరుగున వెళ్ళి రోజు బిళ్ళల అట్ట తెచ్చి ఒకటి నొక్కి పక్కన పెట్టింది. అది వాటికంటే పెద్దది. గీత లేదు.

వాకిట్లో అప్పలనరసింహం దగ్గు వినిపించింది.

త్రినాధరావు ఫోన్ గోవింద్ చేతికిచ్చాడు. “నా వేళ్ళకి ఆలస్యమవుతుంది. డాక్టర్ గౌతమికి కలుపు.”

“డాక్టరుగారూ,” అన్నాడు త్రినాధరావు, గోవింద్ తన చెవి దగ్గర పట్టిన ఫోన్‌లో, “కలుపు మందు కాదు. వారం బిళ్ళే. రోజూ పడింది. ఇంట్లో ఉన్న అట్టల్లోది కాదు, బయట నుంచి వచ్చింది. నా కళ్ళ ముందు ఉంది.”

“ఖాయమేనా?”

“ఖాయం.”

“అయితే దానికి విరుగుడుంది. ఇప్పుడే ఎక్కిస్తున్నాను.” ఫోన్ పెట్టేసిన చప్పుడు కూడా పరుగు తీసినట్టే వినిపించింది.

దివ్య గోడకి జారగిలబడి కూర్చుండిపోయింది. గోవింద్ మాత్రం అంత తేలిగ్గా కూర్చునే రకం కాదు.

“సరే, కలుపు మందు కాదు. బిళ్ళలే. అయితే ఏం? బిళ్ళలు పెట్టేది ఈ అమ్మాయే. గుండ్రంగా చుట్టడం ఎంతలో పని?”

“నిజమే. చిక్కుడు గింజల్లా చుట్టేవాళ్ళు కావాలంటే గుండ్రంగా చుట్టగలరు. మరి లవంగం ఉండ ఒక్కటి ఎందుకు అలా వదిలింది? అన్నీ ఒకలా చుడితే మనకి అనుమానమే వచ్చేది కాదు కదా?”

“బుల్లమ్మే చుట్టుకుందేమో. నొప్పి ఎక్కువై, రోజూ మింగితే త్వరగా తగ్గుతుందనుకుని.”

“అత్తమ్మ మణికట్లు కదలకుండా పట్టీలు కట్టారు సార్,” అంది దివ్య. “పళ్ళపొడి కూడా నేనే వేలికి రాస్తాను.”

త్రినాధరావు కోసిన ఉండలోంచి బెల్లం ముద్ద తీసుకున్నాడు. “గోవిందూ, ఒక ఉండ చుట్టు.”

గోవింద్ విసుగ్గా తీసుకుని మూడు వేళ్ళతో చిదిమి, నొక్కి చూపించాడు. చిక్కుడు గింజ.

“ఇప్పుడు నన్ను చూడు.” ఆయన బొటనవేలు, చూపుడువేలు కలపబోయాడు. సగం దూరంలో ఆగిపోయాయి. పెదవి బిగబట్టాడు. ముద్దని ఎడమ అరచేతిలో వేసి, పైన కుడి అరచెయ్యి పెట్టి దొర్లించాడు. చెయ్యి తెరిస్తే గోళీ. గుండ్రంగా, నున్నగా, ఒక్క నొక్కు లేకుండా.

“వేళ్ళు పనిచేసేవాడు వేళ్ళతో చుడతాడు. పనిచెయ్యనివాడికి అరచేతులే గతి. సీసాలోవి నాలాంటి చేతి పని.”

“అయితే మీరే చేశారన్నమాట!”

“నేనో, నాలాంటి జబ్బుతో, ఆ జబ్బు మందే తన దగ్గర దాచుకుని, ఎవరికీ చెప్పకుండా ఈ ఇంట్లో తిరిగేవాడో. అట్టల లెక్క అందుకే సరిపోయింది. ఆ బిళ్ళలు ఆవిడవి కావు.”

గోవింద్ ముఖంలో వెటకారం మెల్లగా జారిపోయింది. ఎంతైనా ఈ గురువు దగ్గరే పని నేర్చుకున్నవాడు. గొంతు తగ్గించాడు. “పొద్దున్న గంట ఎక్కువ పూజ...”

“పొద్దున్న గంట నా వేళ్ళూ పూజలోనే ఉంటాయి. పద.”

అప్పలనరసింహం అరుగు మీదే ఉన్నాడు. కాఫీ అయిపోయినా గ్లాసు అరచేతుల మధ్యే ఉంది. త్రినాధరావు ఫోన్ అరుగు మీద పెట్టి పక్కనే కూర్చున్నాడు, మోకాలికి మోకాలు తగిలేలా.

“ఏటి బావా, తేలిందా?”

“ఒక్క బేరం తేలాల్సి ఉంది.” త్రినాధరావు ఆయన భుజం మీది జరీ తువ్వాలు లాగి తన కుడిచేతి మీద కప్పుకున్నాడు. “చెయ్యి పెట్టు.”

“ఇదేటి సరసం! వొదిన అక్కడ సావుబతుకుల్లో ఉంటే...”

“ఆవిడ ప్రాణం ధర ఎంతో నీ నోటితో చెప్పలేవు. పాత పద్ధతిలో చెప్పు. మాట ఎవరికీ వినపడదు. పెట్టు బావా, చెయ్యి.”

“కుదరదు.”

“ఈ ఊళ్ళో తువ్వాలు కప్పితే నువ్వు చెయ్యి పెట్టని రోజుందా?”

వాకిట్లో పనిమనిషి చీపురు ఆపి చూస్తోంది. దివ్య గుమ్మంలో నిలబడింది. అంతమంది ముందు, తన పేరు నిలబెట్టిన తువ్వాలుని కాదనడం అప్పలనరసింహం వల్ల కాలేదు. చెయ్యి పెట్టాడు.

త్రినాధరావు పట్టుకున్నాడు. ఉన్న బలమంతా పెట్టి నొక్కాడు.

నిప్పులో చెయ్యి పెట్టినట్టయింది ఆయనకి. వేళ్ళ కణుపుల నుంచి మోచేతి దాకా మంట పాకింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ వదల్లేదు. తన చేతిలో ఉన్న చేతి కణుపులు కూడా తనవాటిలాగే ఉబ్బి, వేడిగా ఉన్నాయి. ఎదుటి ముఖం మీద బొట్టు చెమటకి కారుతోంది. ఇద్దరు ముసలివాళ్ళు, ఒకే తువ్వాలు కింద, ఒకే నొప్పి. ఎవరు ముందు అరుస్తారన్నదే మిగిలింది.

“అమ్మోయ్!” అన్నాడు అప్పలనరసింహం. గ్లాసు కింద పడి దొర్లింది.

త్రినాధరావు తువ్వాలు తీసేశాడు. ఆ చెయ్యిని వెలుగులో అందరూ చూశారు.

“ఎన్నాళ్ళబట్టి?”

అప్పలనరసింహం చెయ్యి ఒళ్ళోకి లాక్కున్నాడు. మాట వచ్చినప్పుడు గొంతు వేరే మనిషిది. “ఏడాది దాటింది. తువ్వాలు కింద ఓ రైతు ఏలు నొక్కితే పేణం పోయినంత పనైంది. ఆడు నవ్వేడు. ఆ రోజుతో ఇంక చెయ్యియ్యలేదు. వొదిన కనిపెట్టేసింది. ఆ జబ్బు ఆవిడికి తెలీదేటి? ‘నీ సేతులైపోయాయి నర్సిమ్మం, మందేసుకుని ఇంట్లో కూకో, గద్దె దివ్యకి’ అంది. ఆవిడి సేతులు అవ్వలేదా? ఆవిడి వంకర సేతులకి గద్దె పనికొచ్చింది, నా సేతులకి లేదేటి?”

“ఆవిడ దాచుకోలేదు బావా. అదే తేడా. ఆ సీసా కూడా నువ్వే పెట్టావు కదా, కలుపు మందుది?”

అప్పలనరసింహం తలెత్తకుండానే ఊపాడు. గోవింద్ సంకెళ్ళు తీసి, ఆ ఉబ్బిన మణికట్లు చూసి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. “లేవండి.”

లేవబోయినవాడు ఆగి త్రినాధరావు వైపు చూశాడు. ఆ కళ్ళలో ఓడిపోయినవాడి చూపు లేదు.

“నాను బిళ్ళలు ఎక్కడ తెచ్చేనో అడగవేటి బావా?”

“చెప్పు.”

“నీకిచ్చేవోడే.”

త్రినాధరావు మందులు నూకరాజు కొట్టువి. మార్కెట్ రోడ్డులో మందుల కొట్టు. మంచివాడు. వేళ్ళు రాని ముసలివాళ్ళకి బిళ్ళలు అట్టలోంచి తనే నొక్కి, కాగితం పొట్లం కట్టి ఇస్తాడు. ఊళ్ళో కీళ్ళవాతం వాళ్ళకి నూకరాజు బొటనవేలే దిక్కని త్రినాధరావే పదిమందికీ చెప్పాడు.

“డాక్టరు చీటీ లేకుండా ఏడాదిబట్టి ఇత్తన్నాడు. అది బైటపడితే ఆడి కొట్టు మూత. వొదిన నిన్ను పిలిపించినాదని నానే సెప్పేను ఆడికి. ఆడు బెదిరిపోయేడు.” అప్పలనరసింహం మెల్లగా అడిగాడు. “నీ నోరెలాగున్నాది బావా? కాఫీ సురుక్కుమంటందా?”

పండుమిరప పచ్చడి... త్రినాధరావు నాలుకతో బుగ్గ లోపల తడిమాడు. పచ్చడి పుండ్లు చెయ్యదు.

చొక్కా జేబులోంచి పొట్లం తీశాడు. వేళ్ళు లొంగక కాగితం చిరిగింది. రోజు బిళ్ళలని చెప్పి నూకరాజు ఇచ్చిన పొట్లం. అరచేతిలో చిన్న పసుపు బిళ్ళలు పడ్డాయి. ఒక్కొక్కదాని మధ్యలోనూ అడ్డంగా గీత.

ఇవాళ్టిది పొద్దున్నే మింగేశాడు.

అరుగు మీద ఫోన్ మోగింది. గోవింద్ తొంగిచూసి, పేరు చదివి, బిగుసుకుపోయాడు. నూకరాజు. రోజూ ఈ వేళకే చేస్తాడు. పెద్దాయన మందు మరిచిపోతాడేమోనని.

త్రినాధరావు మోచేత్తో నొక్కి, అందరికీ వినపడేలా పెట్టాడు.

“బాబూ, ఈ పొద్దు మందేసుకున్నారేటి?” అదే మెత్తటి గొంతు. “మీ పొట్లం అయిపోవచ్చింది గదా. కొత్తది కట్టి అట్టుకొచ్చేను. మీరు బుల్లమ్మగారింట్లో ఉన్నారని తెలిసి ఇటే వచ్చేను. గేటు కాడున్నాను.”

త్రినాధరావు గోవింద్ వైపు చూశాడు. పొద్దుటి పోట్లాట ఆ చూపులో ఎక్కడా లేదు. గోవింద్ చప్పుడు చెయ్యకుండా వెళ్ళి తలుపు వెనక నిలబడ్డాడు. దివ్య బిళ్ళలన్నీ కొంగులో మూటకట్టి లోపలికి జరిగింది.

“ఏసుకోకుండా ఉంటానేటి నూకరాజూ? నువ్విచ్చిందే కదా,” అన్నాడు త్రినాధరావు, నోరు మండుతుంటే. “లోపలికి రా.”

గేటు గొళ్ళెం తీసిన చప్పుడైంది. ఆయన కుడిచెయ్యి పిడికిలి బిగించబోయాడు. అది సగంలో ఆగిపోయింది.